రెండో విమానం

“రాత్రి ఎంత బాగా ఆడావే! తూటాలకి అడ్డంపడి మూడుసార్లు నన్ను కాపాడావు,” అన్నాడు ఆయన, పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. జలుబు మాత్ర మింగి ఎనిమిదింటికే మంచమెక్కిన మనిషి విమానాల ఆట ఎప్పుడు ఆడిందట? పైగా ఆ పాత వీడియో గేములో ఆవిడ విమానం ఏనాడూ రెండో మేఘం దాటలేదు. రిమోటు ఎటు తిప్పితే తనూ అటు ఒరిగిపోయే రకం. “నువ్వు పక్కనుంటే నేను రెండువైపులా కాచుకోవాలి,” అని పదకొండేళ్ళుగా విసుక్కున్నవాడే ఈయన.

న్యాయంగా అయితే ముందు భయపడాలి. ఆవిడకి మాత్రం ముందు ఒళ్ళు మండింది.

ఆ రాత్రి నిద్ర నటించింది. కాసేపటికి హాల్లోంచి కాల్పుల చప్పుడు, దాని మీద ఆయన నవ్వు వినిపించాయి. అంత మనసారా నవ్వి ఎన్నాళ్ళయిందో! వెళ్ళి గుమ్మంలోంచి చూసింది. టీవీ వెలుగులో చాప మీద ఆయనొక్కడే ఉన్నాడు. తెర మీద మాత్రం రెండు విమానాలు రెక్కలు రాసుకుంటూ పైపైకి పోతున్నాయి. ఆయన పక్కనున్న దిండు ఎవరో కూర్చున్నట్టు అణిగిపోయి ఉంది.

“బాగానే ఉంది సంబడం!” అంది, ఉండబట్టలేక.

ఆయన తల తిప్పి చూశాడు. ఆ చూపులో గుర్తుపట్టిన జాడ లేదు.

“ఎవరో వచ్చారే,” అన్నాడు దిండు వైపు వంగి, ముద్దుగా. “నువ్వెళ్ళి పంపించేసి రా.”

కాల్పులు ఆగాయి. దిండు మెల్లగా పొంగింది.