వంకర తొవ్వ

పిట్ట ముట్టలేదు.

ఈరవ్వ పోయి ఆ రోజుకు పది రోజులు. తోట గట్టు మీద విస్తరి పెట్టి గంట దాటింది. ఆమెకిష్టమైన సర్వపిండి, గుడాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కాకులు వేపచెట్టు దిగడం లేదు. అవి ముట్టందే చుట్టాలెవరూ అన్నానికి కూర్చోరు.

"తమ్ముని పెండ్లి నేనే చేస్తనే అవ్వా," అని మొక్కాడు పెద్దకొడుకు సిద్ధిరాములు. కాకి కదలలేదు. "చెల్లెను పండుగ పండుగకు తోలుకొస్త." ఊహూఁ.

"అవ్వ పానమంతా ఈ తోటల్నే ఉండె. దున్ననని చెప్పు," అంది భార్య భూమక్క.

"నీకేం ఎరుక? నిజాంసాగర్ కాలువ ఇంటి ముంగటికొచ్చింది. రేపు నాగలి కట్టి, నీళ్లిడిస్తే చెరుకైతది. అవ్వ తోటల ఏముందే? ఒక్క సాలన్న సక్కగున్నదా?"

ఆ మాట అబద్ధం కాదు. నలుగురు పిల్లల్ని పెంచి, మనుమలందరికీ నీళ్లు పోసి, మిగిలిన పొద్దంతా ఈరవ్వ ఆ తోటకే పెట్టింది. పదేళ్ల కిందట, నిజాంసాగర్ ఆనకట్ట నిండిన ఏడే మొదలుపెట్టింది. బాట చూస్తే పాములా వంకర. నడుమ గుండ్రంగా ఖాళీ జాగా. అందులో కొత్తిమీర కూడా చల్లనిచ్చేది కాదు. వేప దగ్గరికి ఎవరైనా చెప్పులతో పోతే తిట్టిపోసేది. బతుకమ్మకు ఆడవాళ్లంతా పుట్టిళ్లకు పోతే, తను కొత్త చీర కట్టుకుని దానిమ్మ కింద పొద్దుగూకేదాకా కూర్చునేది.

ముసలామెకు చెట్ల పిచ్చి అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు.

"పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరయ్యా," అంది భూమక్క.

సిద్ధిరాములు చేతులు జోడించాడు. "సరే. నీ తోటల నాగలి పెట్టనే అవ్వా. ఒట్టు."

కాకి దిగి, సర్వపిండి ముక్క ఎత్తుకుపోయింది.

"నాలుగు వంకాయలకు చెరుకంత పాయె," అని గొణిగాడతను.

అప్పుడే బండి దిగాడు లింబాద్రి, ఈరవ్వ తమ్ముడు. అక్కాతమ్ముళ్లు పుట్టిన ఊరు ఆనకట్ట నీళ్లలో మునిగినప్పుడు బతకడానికి షోలాపూర్ పోయినవాడు, మళ్లీ ఇటు రావడం ఇదే.

"అక్క పెట్టిన తోట ఇదేనా?" అంటూ లోపలికి అడుగేసి, ఆగిపోయాడు.

"తొవ్వ వంకరుంటది మామా. నేను చూపిస్త, పా."

"నాకెరుకే అల్లుడా."

వేప దగ్గర చెప్పులు విడిచి, ఊరి గుడి ముందు నిలబడ్డట్టు దండం పెట్టాడు. ఖాళీ జాగా చుట్టి వచ్చాడు. ఏ మలుపులోనూ తడబడలేదు. దానిమ్మ దగ్గర తల వంచి, కొమ్మల కిందికి పోయి కూలబడ్డాడు. మొదలును పట్టుకుని ఏడ్చాడు.

"ఏమైంది మామా? ఆ చెట్టును పట్టుకొని ఏడుస్తున్నవేంది?"

"చెట్టు గాదు అల్లుడా, మా ఇల్లు."