మంచం దొర

"నన్ను ఆ మంచం మీద కిందికి మోసుకెళ్లాలి."

ఆయాసపడుతూ కొండ మీది ఊరికి ఎక్కివచ్చిన ఆ లావాటి మనిషి, మంచినీళ్లు తాగి అన్న మొదటి మాట అది.

మందుల పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే నర్సమ్మకు ఒళ్లు మండింది.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరి మోయడం దేనికి?"

"ఆసుపత్రి కావాలని అర్జీ పెట్టారుగా. రోగిని ఎలా దించుతారో చూడాలి."

ఆసుపత్రుల కోసమని సర్కారు పక్కన పెట్టిన నిధి ఒకటి ఉంది. అందులోంచి చిన్న ఆసుపత్రి కట్టించమని నర్సమ్మ ఎక్కని మెట్టు లేదు, మొక్కని దేవుడు లేడు. ఏడాదికొకరు ఆఫీసు నుంచి వచ్చేవారు, తలూపేవారు, పోయేవారు. ఈయనా ఆ బాపతే అనుకుంది. కాకపోతే మోయమన్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

"పక్కన నడుస్తూ చూడొచ్చుగా?"

"పక్కన నడిచేవాడికి ఏం తెలుస్తుంది?"

అదీ ఆమెకు ఎగతాళిలాగే వినిపించింది.

రాళ్లు కొట్టే ఆమె మరిది చేతిలో సుత్తి కింద పడేశాడు.

"వదినా, మనుషుల్ని మోయడం ఎలాగూ తప్పదు. మదాన్ని కూడా మోయాలా?"

"అవసరానికి గాడిద కాళ్లయినా పట్టుకోమన్నారు," అంది నర్సమ్మ గొంతు తగ్గించి.

"పట్టుకోమన్నారు. నెత్తికెత్తుకోమన్లేదు," అని గొణుక్కుంటూనే అతను మంచానికి గడలు కట్టాడు.

నలుగురు లేపారు. నర్సమ్మ పక్కన నడిచింది.

అది దారి కాదు. మేకలు కూడా ఆలోచించి అడుగేసే జారుడు రాళ్లు. మంచం ఊగినప్పుడల్లా ఆయన పట్టెను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

వాగు దగ్గర ఒకడి కాలు జారింది. మంచం ఒరిగి ఆయన దభీమని నీళ్లలో పడ్డాడు. మోచేయి గీరుకుపోయింది.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"చాల్లెండి, ఇక నడుద్దురు గాని," అంటూ నర్సమ్మ కట్టు కట్టింది.

"రోగి నడుస్తాడా?" అని ఆయన తడిబట్టలతోనే మళ్లీ మంచమెక్కాడు.

కొంతదూరం వెళ్లాక, ఒక మలుపు దగ్గర మరిది ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాడాయన.

నర్సమ్మే చెప్పింది.

"పోయిన వానాకాలం వీళ్లావిణ్ణి ఇలాగే దించుతున్నాం. నొప్పులు ఆగలేదు. ఇక్కడే దించి పురుడు పోశాను. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు."

ఆయన మంచం దిగాడు. చుట్టూ చూశాడు. నీడనిచ్చే చెట్టు కూడా లేని చోటు. అయ్యో అనలేదు, ఓదార్పుగా ఒక్క మాటా ఆడలేదు.

"పదండి," అని మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

"పుట్టిన దగ్గర్నుంచీ రాళ్లు కొడుతున్నా గానీ, ఇంత గట్టి రాయిని చూళ్లేదు," అన్నాడు మరిది, ఆయనకు వినపడేలాగే.

కింద రోడ్డు మీద దించాక ఆయన నర్సమ్మ వైపు తిరిగాడు.

"పైన ఉన్నవి గుప్పెడు ఇళ్లు. ఆ డబ్బేదో పట్నంలో పెడితే ఎంతోమందికి పనికొస్తుంది. మీకెందుకివ్వాలి?"

అంతదూరం పళ్ల బిగువున ఆపుకున్న కోపం కట్ట తెంచుకుంది.

"గుప్పెడుమందిమని నొప్పులు గుప్పెడే వస్తాయా అండీ? ఉన్నచోటే పోసుకుంటూ పోతే లేనిచోటికి ఎప్పుడొస్తుంది? మీరు కాదంటే మీ పైవాళ్ల దగ్గరికి పోతా. వాళ్లూ కాదంటే ఆ పైవాళ్ల దగ్గరికి. నా కాళ్లు అరిగినా సరే, ఇది కట్టేదాకా వదలను."

"ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా."

"ఎగతాళా?"

ఆయన పేరైనా చెప్పకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఊళ్లో ఆయనకు 'మంచం దొర' అని పేరు స్థిరపడింది. పట్టె పట్టుకుని ఆయన ఊగిన తీరు ఎవరైనా అభినయిస్తే ఊరంతా పడీ పడీ నవ్వేది. నర్సమ్మా నవ్వింది. నవ్వి, మర్నాడు మళ్లీ ఆఫీసులకు బయల్దేరింది.

మరుసటి ఏడు ఆసుపత్రి మంజూరైంది. దాంతోపాటు రోడ్డూ. రోడ్డుకు మరిది రాళ్లు కొట్టాడు. వాగు మీద వంతెన లేచింది. పట్నం నుంచి ఒక డాక్టరమ్మ ఉద్యోగానికి వచ్చింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దలందరూ వేదికెక్కారు. నర్సమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంటూ డాక్టరమ్మ పక్కన నిలబడింది.

"అందరూ వచ్చారు గానీ, ఒక్కడు రావాల్సింది డాక్టరమ్మా. వచ్చి ఈ గోడలు చూడాల్సింది. మీకెందుకివ్వాలన్నాడు! మంచమ్మీద ఊరేగి మరీ అన్నాడు."

డాక్టరమ్మ చటుక్కున తిరిగి చూసింది.

"లావుగా ఉంటారా?"

"మీకెలా తెలుసు?"

"మంచమ్మీద ఈ కొండ దిగానని నిండు సభలో చెప్పారు. మీకెందుకివ్వాలని అక్కడ వందమంది అడిగితే, గుప్పెడుమందికి నొప్పులు గుప్పెడే వస్తాయా అని వందమందికీ ఆయనొక్కరే జవాబు చెప్పారు."

నర్సమ్మ చేయి చెంగు దగ్గరే ఆగిపోయింది.

"ఏ ఆఫీసు ఆయనది?"

"ఆఫీసు కాదు. మా పట్నం వాళ్లం ఓట్లేసి శాసనసభకు పంపిన మనిషి. మా ఆసుపత్రి మీద ఇంకో అంతస్తుకని అనుకున్న డబ్బు మీకే ఇవ్వాలని పట్టుబట్టారు."

"మరి ఆ వేదిక మీద లేరేం?"

డాక్టరమ్మ తల దించుకుంది.

"మా నోటి దగ్గరిది తీసి మీకు పెట్టారని మొన్నటి ఎన్నికల్లో మేమే ఓడించాం నర్సమ్మా, నేనూ ఆయనకు ఓటెయ్యలేదు."