పధ్నాలుగో తేదీ యుద్ధం

దొంగను పట్టుకోవడానికి ఆగస్టస్ థార్లీకి ఒక్క తేదీ చాలింది.

పోర్ట్స్‌మత్‌లో థార్లీ పేరు తెలియనివాడు లేడు. నౌకాయుద్ధాల మీద పందొమ్మిది పుస్తకాలు. ప్రతి అట్ట మీదా మంటలూ, పొగా, చిరిగిన తెరచాపా. లోపల ప్రతి కెప్టెనూ అరపేజీ ఉపన్యాసం ఇచ్చి మరీ చస్తాడు. క్రిస్మస్‌కి నాన్నకేం కొనాలో తోచని వాళ్లందరూ అవే కొంటారు. వాటిని అచ్చేసే కెటిల్ ఇల్లు వాటి మీదే గడుస్తోంది. అందుకే థార్లీ దగ్గితే చాలు, కెటిల్ లేచి కిటికీ మూస్తాడు.

ఆ ఉదయం కెటిల్ ఆఫీసులో థార్లీ దగ్గలేదు, అరిచాడు.

"నా పుస్తకం ఎత్తి రాసింది! నువ్వేమో దాన్ని అచ్చేశావు!"

ఆ రాసిన మనిషి ఎదురుగానే కూర్చుంది. పేరు ప్రూడెన్స్ హాలెట్. రేవు పక్క బడిలో నలభై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. టోర్విక్ అఖాతం యుద్ధం మీద ఆవిడ రాసిన ఒకే ఒక్క పుస్తకం పోయిన నెలే బయటికొచ్చింది. ఇప్పుడా కాపీలన్నీ వెనక్కి రప్పించి ముక్కలు చేయించాలనీ, పత్రికలో ఆవిడ క్షమాపణ వేయించాలనీ థార్లీ పట్టు. కాదంటే ఇరవయ్యో పుస్తకం ఇంకొకరికిస్తానన్నాడు.

కెటిల్ క్షమాపణ పత్రం ముందే టైపు చేయించి ఉంచాడు. ఆవిణ్ణి చూస్తే జాలేసింది. కానీ జాలి వేరు, వ్యాపారం వేరు.

"రుజువేమిటండీ?" అంది ప్రూడెన్స్, టీలో బిస్కెట్ ముంచుకుంటూ.

"ఈవిడ రాసిన పధ్నాలుగో తేదీ! అదే రుజువు. యుద్ధం జరిగింది పదమూడు మధ్యాహ్నం. ఓడ దినచర్య పుస్తకంలో మాత్రం పధ్నాలుగని ఉంటుంది. ఆ కాలపు ఓడల్లో పగలు పన్నెండు కొట్టగానే తేదీ మారిపోయేది. ఒడ్డున మనకింకా పదమూడే, వాళ్లకప్పటికే పధ్నాలుగు. లెక్కల పంతులమ్మకి ఇవన్నీ ఏం తెలుస్తాయి?"

"మీ పుస్తకంలోనూ పధ్నాలుగనే ఉందన్నారుగా?" కెటిల్ నసిగాడు.

"మొదటి ముద్రణలో! కుర్రతనం, తొందర. రెండో ముద్రణలో దిద్దుకున్నాను. ఈవిడగారు పాత కాపీ ఎక్కడో సంపాదించి, తప్పుతో సహా దింపేసింది. ఆ యుద్ధం మీద రెండొందల ఏళ్లుగా ఎంతమంది రాశారు! ఆ తప్పు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తప్పు నా సొంతం, కెటిల్!"

తప్పుని ఇంత గర్వంగా చెప్పుకునే మనిషిని కెటిల్ ఎక్కడా చూడలేదు. అయినా వాదన గట్టిగానే ఉంది. ఇద్దరూ ఎవరికి వారు వెళ్లి ఒకే గోతిలో పడ్డారంటే నమ్మడం కష్టం. పత్రాన్నీ పెన్నునీ ఆవిడ ముందుకి జరిపాడు.

"తప్పేనండీ," అంది ప్రూడెన్స్ నెమ్మదిగా. "ఓడల వాళ్లకి పన్నెండింటికే తేదీ మారుతుందని నాకివాళే తెలిసింది. మీరు తప్ప ఇంకెవరూ ఈ తప్పు చేయలేదంటారు?"

"చేయలేదు. కావాలంటే రాసిస్తా."

"రాసివ్వండి."

థార్లీ ఆ పత్రం వెనకే నాలుగు ముక్కలు గిలికి, సంతకం పెట్టి, ఆవిడ మీదకి విసిరాడు.

"ఇక నీ సంతకం కానియ్, పంతులమ్మా. పెద్దవాళ్ల పనుల్లో వేలు పెట్టకుండా ఇంట్లో కూర్చుని స్వెటర్లల్లుకో."

ప్రూడెన్స్ ఆ సంతకాన్ని శ్రద్ధగా చూసింది. తర్వాత సంచీలోంచి పసుపెక్కిన టైపు కాగితాల కట్ట తీసి, కెటిల్ చేతికిచ్చింది.

"ఈ యుద్ధం మీద నేను మొదట రాసిన వ్యాసమండీ. నౌకాచరిత్ర పత్రిక ఒకదానికి పంపాను. వచ్చినవన్నీ చదివి ఏరే పని అప్పట్లో ఈయనదే. తిప్పి పంపేశారు."

కెటిల్ పేజీలు తిప్పాడు. మూడో పేజీలో యుద్ధం పధ్నాలుగునే మొదలైంది.

చివరి పేజీ అడుగున ఎర్ర సిరాతో, "అచ్చుకు పనికిరాదు" అన్న ముక్క కింద, థార్లీ ఇప్పుడే పెట్టిన సంతకమే ఉంది, అతని పుస్తకం మొదటి ముద్రణకి సరిగ్గా ఏడాది ముందు తేదీతో.