తొందరేముంది

"ఇక్కడ సంతకం పెట్టు ఇర్మా," అంటూ రస్సెల్ ఆస్పత్రి మంచం మీదికి కాగితాలు జరిపాడు. చనిపోయినవాళ్ళ దేహాన్ని గడ్డకట్టించి దాచి, ఎప్పటికైనా వైద్యం ఎదిగితే లేపాలని చూసే సంస్థవి అవి. అందులో అతను చేరి చాలా ఏళ్ళయింది.

"అప్పుడు నేనూ చేరతానన్నాను. తొందరేముంది అన్నావు," అంది భార్య.

"నీకప్పుడు నలభై కూడా లేవు. ఇలా అవుతుందని ఎవరనుకున్నారు?"

"ఆ మాట నా మొహం చూసి చెప్పు."

రస్సెల్ కిటికీ వైపు చూశాడు. బయట ఫీనిక్స్ నగరపు ఎండ కార్ల మీద మండుతోంది. ఇర్మాకి ఇక కొన్ని వారాలేనని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు.

"నిజం చెప్పకపోతే సంతకం పెట్టను," అంది ఇర్మా మెల్లగా.

రస్సెల్ ఆమె వైపు తిరిగాడు. "అప్పుడు మనకి రోజూ గొడవలే కదా. మళ్ళీ లేచాక ఒక్కణ్ణే ఉంటే బాగుండుననిపించింది. అందుకే నిన్ను ఆపాను."

"నాకు తెలుసు."

"తెలిసీ ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. జాలిపడి పిలిస్తే నేను రాను రస్సెల్."

"జాలి కాదు. నువ్వు లేకుండా లేచి నేనేం చేసుకోను?"

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత కాగితాలు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.

"నన్ను క్షమించావా?" అన్నాడతను.

"లేదు. ఆ పని ఈ కొద్ది వారాల్లో పూర్తయ్యేలా లేదు. అందుకే వస్తున్నాను."