రోజుకో తిట్టు

అక్క పోయాక, ఆన్‌లైన్‌లో ఆమె దాచుకున్న ఫైళ్లు సర్దే పని తమ్ముడి మీద పడింది. కంపెనీల ఖాతాల్లో దొంగలు పడకుండా కాపలా కాయడమే అతని ఉద్యోగం. సాయంత్రం బావ ఇంట్లో కూర్చుని అక్క ఖాతా తెరిచాడు.

అందులో ఎవరిదో తెలియని యాప్ ఒకటి కనిపించింది. దానికి అక్క ఫైళ్లు తెరిచే అనుమతి ఉంది. ఆ పొద్దునే తెరిచింది కూడా.

అతనికి ఒళ్లు మండింది. "పోయినవాళ్లని కూడా వదలరు వెధవలు!" అంటూ ఆ అనుమతి పీకేశాడు.

మర్నాడు పొద్దున పాలు పొంగి పొయ్యంతా పారాయి. వంటింట్లోంచి బావ కేకేశాడు.

"మీ అక్క ఇవాళ తిట్టలేదేంట్రా?"

తమ్ముడు వెళ్లి చూస్తే, గోడకున్న ట్యాబ్ మీద 'అనుమతి లేదు' అని ఉంది.

"ఈపాటికి 'పొయ్యి మీద పాలు పెట్టి ఎటు పోయారు మహానుభావా' లాంటిదేదో అనాలి. ఆసుపత్రిలో ఉండగా రోజుకో తిట్టు రికార్డు చేసి, పాలు కాచే వేళకి పలికేలా ఈ యాప్ తనే రాసింది."

తమ్ముడు గబగబా ఫోన్ తీశాడు. "ఫైళ్లు ఎక్కడికీ పోలేదు బావా. నిన్న నేనే పీకేసిన అనుమతి మళ్లీ ఇస్తే చాలు. ఒక్క బటన్, నేను నొక్కేస్తా" అన్నాడు.

బావ పొయ్యి కట్టేశాడు.

"వద్దులేరా. మొదట ఆ బటన్ నొక్కింది మీ అక్క. చెయ్యి వణుకుతుంటే ట్యాబ్ నేను పట్టుకున్నాను. ఇన్నాళ్లూ తనే తిడుతోంది అనుకున్నాను. నువ్వు నొక్కితే పలికేది రికార్డేరా."