కొండమీద నిపుణురాలు

దేవమణి కుట్టుమిషను ఆపలేదు. వచ్చినావిడే స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆమె పేరు అనురాధ. విశాఖపట్నంలో ఒక ఆరోగ్య సంస్థ ఉద్యోగి. ఘాట్ రోడ్డు మలుపులన్నీ దాటుకుని కారులో ఇప్పుడే వచ్చింది.

"మీకోసమే చింతపల్లి వచ్చానండీ. సికిల్ సెల్ జబ్బు గురించి ఈ కొండల్లో మీకు మించిన నిపుణులు లేరు," అంటూ ఫోను చూపించింది.

తెరమీద దేవమణి ఫొటో. కింద పెద్ద అక్షరాలతో 'నిపుణురాలు' అని ఉంది.

"ఇదెవులు రాసినారు?"

"ఎవరూ రాయలేదు. ఆన్‌లైన్ గ్రూపుల్లో ఎవరు దేని గురించి ఎక్కువ రాస్తున్నారో చూసి సాఫ్ట్‌వేరే ప్రొఫైల్ తయారుచేస్తుంది. మీరు ఏళ్ల తరబడి రాస్తున్నారు. నొప్పి వస్తే ఏ మాత్ర వెయ్యాలి, రక్తం ఎప్పుడెక్కించాలి, చలికాలం పిల్లల్ని ఎలా కాపాడుకోవాలి... మీరు ముట్టుకోని విషయం లేదు."

లోపల మంచం కిర్రుమంది. దేవమణి కూతురు స్వర్ణ మూలుగుతూ అటు తిరిగి పడుకుంది. రక్తంలో పుట్టే ఆ జబ్బే పిల్లను బడికి దూరం చేసి మంచాన పడేసింది.

"మా యాప్‌లో రోగులకు మీరు సలహాలిస్తే చాలు," అంది అనురాధ. "నిజానికి ఇక్కడికి వారం వారం డాక్టర్ని పంపుదామనుకున్నాం. మీరున్నారని తెలిశాక ఆ ఆలోచన మానుకున్నాం."

మిషను ఆగిపోయింది.

"నా పేరు తీసీండి."

"ఊరికే కాదండీ, గౌరవవేతనం ఇస్తాం."

"నాకొద్దు. డాక్టర్ని పంపండి."

"మీ విలువ మీకు తెలియడం లేదు. పెద్ద పెద్ద డాక్టర్లకన్నా మీ పేరే పైనుంది."

"పైనుంటే దించీండి. దించీదాకా మీ కారు కదలనివ్వను."

దేవమణి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. దారం తెంపే కత్తెర చేతిలో అలాగే ఉంది. అది చూసుకుని మిషను మీద పెట్టి మళ్లీ వచ్చి నిలబడింది.

"నా రాతలు సదివినారా మీరు?"

"సాఫ్ట్‌వేర్ చదివిందండీ."

"మీరు సదివినారా అని అడుగుతున్నాను."

అనురాధ ఫోనులోకి చూసింది. వేలితో తెరను పైకి జరిపింది. ఇంకా పైకి జరిపింది. ఆమె మొహం పాలిపోయింది.

"సదవండమ్మా, గట్టిగా సదవండి," అంది దేవమణి. "అవన్నీ నా గుంట స్వర్ణ కోసం నానడిగిన ప్రశ్నలు, ఇన్నేళ్లలో ఒక్కదానికీ ఎవులూ జవాబు రాయనేదు."