జడ బరువు

కాటా ముల్లు ఇంకా గీత దాటే ఉంది. అత్త సంచిలోంచి కత్తెర తీసింది.

"జడ కూడానా?" అంది మేనకోడలు. నిన్నటి నుంచి ఆ పిల్ల పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"జుట్టు పోతే మళ్లీ మొలుస్తుంది. పళ్లు మొలవవు," అంది అత్త. పిల్లకి బాక్సింగ్ నేర్పి, రేపటి పోటీకి తూకం వేయించడానికి తీసుకొచ్చింది ఆమే. "పై బరువు విభాగంలో, అందరూ బుల్డోజర్ అనే ఆ పిల్ల ఉంది. నిన్ను నమిలి ఉమ్మేస్తుంది."

"కడుపునిండా తిని పై బరువులోకే వెళ్తానన్నాగా అత్తా! ఒంట్లో సత్తువ లేకుండా రేపు దేంతో గుద్దను?"

"నోరు ముయ్యి. గాలి మింగినా బరువే."

జడ తెగి కాటా అవతల పడింది. ముల్లు గీత మీదికొచ్చి ఆగింది. అత్త మొహం చేటంత అయింది.

"చూశావా! ఇక నీకు ఎదురే లేదు."

వెనక వరసలోంచి ఒక గుండు ముందుకొచ్చింది. బుగ్గలు పీక్కుపోయినా ఆ భుజాలను గుర్తుపట్టనివాళ్లు అక్కడ లేరు. బుల్డోజర్ వణుకుతూ కాటా ఎక్కింది. ముల్లు సరిగ్గా ఆ గీత మీదే ఆగింది.

"నువ్వు ఇక్కడికెందుకొచ్చావే?" అంది అత్త.

"మీ అమ్మాయి పై బరువులోకి వస్తోందని మా మాస్టారికి ఎవరో చెప్పారండీ. ఎందుకొచ్చిన గొడవ, కింది బరువులోకి దిగిపొమ్మన్నారు."

మేనకోడలు తూకం చూసే ఆయన వైపు తిరిగింది. "మరి పై బరువులో ఎవరున్నారు సార్?"

"ఎవరూ లేరమ్మా," అన్నాడాయన బిస్కెట్ నములుతూ. "ఒక్కరొచ్చినా ఊరికే పతకం ఇచ్చి పంపేవాళ్లం."